అమ్మకి యాక్సిడెంట్ అయితే మమ్మల్నే అనుమానిస్తున్నారు – న్యూయార్క్ నో-ఫాల్ట్ గురించి తెలిసినవాళ్లు కాస్త చెప్పండి

తెనాలి_టు_హిక్స్‌విల్ | అక్టోబర్ 6, రాత్రి 11:40

అందరికీ నమస్కారమండి. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే గానీ రాసింది లేదు. ఇప్పుడు రాయక తప్పలేదు.

మా అమ్మ జులైలో తెనాలి నుంచి వచ్చింది. 64 ఏళ్లు. ఆగస్టు చివర్లో ఒక ఆదివారం ఫ్లషింగ్ గణేశుడి గుడికి వెళ్లి తిరిగొస్తున్నాం. ఎక్స్‌ప్రెస్‌వే మీద ట్రాఫిక్ ఆగింది, మేమూ ఆగాం, వెనక కారు వచ్చి గుద్దింది. కారులో నేను, మా ఆవిడ, అమ్మ, మా ఫ్రెండు. బంపర్ లోపలికి పోయి టైరుకి తగులుతోంది, అంతే. అమ్మకి మాత్రం కుడి భుజం, మెడ పట్టేశాయి. ఎమర్జెన్సీలో ఎక్స్‌రే తీసి ఎముక విరగలేదన్నారు.

టో ట్రక్కు అతను ఒక క్లినిక్ కార్డు ఇచ్చాడు. అక్కడ ఒకే చోట ఫిజియో, కైరోప్రాక్టర్ (వెన్నెముక, కీళ్లు సర్దే వైద్యుడు), సూదుల వైద్యం అన్నీ ఉన్నాయి. "మీ జేబులోంచి ఒక్క డాలర్ అక్కర్లేదు, నో-ఫాల్ట్ చూసుకుంటుంది" అన్నారు. అంటే తప్పు ఎవరిదైనా మనం ఉన్న కారు ఇన్సూరెన్సే వైద్యం ఖర్చు కడుతుందట. ఒక కట్ట కాగితాల మీద అమ్మ చేత సంతకాలు పెట్టించారు. కొన్ని ఖాళీగానే ఉన్నాయి. నేను పక్కనే ఉండి కూడా చదవలేదు, అది నా తప్పే.

నిన్న ఇన్సూరెన్స్ వాళ్ల లాయర్ దగ్గర్నుంచి లెటర్ వచ్చింది. అమ్మా, నేనూ అక్టోబర్ 29న గార్డెన్ సిటీలో వాళ్ల ఆఫీసుకి వచ్చి ప్రమాణం చేసి జవాబులు చెప్పాలట. అమ్మ టికెట్ 23న. క్లినిక్‌కి ఫోన్ చేస్తే "వెళ్లక్కర్లేదు, అది మామూలే" అంటున్నారు. అమ్మ రాత్రంతా నిద్రపోలేదు. "నేనేం దొంగతనం చేశాన్రా" అంటోంది. ఏం చేయమంటారు?

క్వీన్స్_పారాలీగల్ | అక్టోబర్ 7, ఉదయం 7:15

తమ్ముడూ, వెళ్లక్కర్లేదన్న మాట మాత్రం వినకు. నేను లాయర్‌ని కాను, కానీ ఈ ఫైళ్ల మధ్యే పదేళ్లుగా పని చేస్తున్నాను.

ముందు అమ్మకి చెప్పు, ఇది పోలీసు కేసు కాదు. న్యూయార్క్ పాలసీలో ఉన్న షరతే ఇది: కంపెనీ న్యాయంగా అడిగితే గాయపడినవాళ్లు ప్రమాణం చేసి జవాబు చెప్పాలి. దీన్ని ఈయూఓ అంటారు. అమ్మ విజిటర్ అయినా సరే, నీ కారులో న్యూయార్క్‌లో దెబ్బ తగిలింది కాబట్టి 50,000 డాలర్ల నో-ఫాల్ట్ కవరేజీ ఆమెకీ ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. క్లినిక్‌లో అమ్మ సంతకం పెట్టినవాటిలో ఎన్ఎఫ్-ఏఓబీ అనే కాగితం ఉంటుంది. తన హక్కుని క్లినిక్‌కి రాసిచ్చే పత్రం. దాని ప్రకారం క్లినిక్ అమ్మని డబ్బు అడగకూడదు. కానీ అందులోనే ఒక మెలిక ఉంది: రోగి చేసిన పని వల్ల పాలసీ షరతు తప్పి డబ్బు రాకపోతే క్లినిక్ ఆ ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు. ఈయూఓకి వెళ్లకపోవడం సరిగ్గా అలాంటి పనే. వెళ్లొద్దని చెప్పినవాళ్లే రేపు బిల్లు మీ ఇంటికి పంపగలరు.

ఇవాళే ఆ లాయర్‌కి రాయి. టికెట్ కాపీ జత చేసి, 23 లోపల వీడియోలో పెట్టమని అడుగు. తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని స్పష్టంగా రాయి, లేకపోతే ఇండియా అనగానే హిందీ మనిషిని కూర్చోబెడతారు. ఇద్దరూ ఒప్పుకుని తేదీ మార్చుకుంటే దాన్ని గైర్హాజరుగా లెక్కించరు. ఫోన్‌లో మాట్లాడినా వెంటనే ఈమెయిల్‌లో రాతగా పెట్టు. నీకు పోయే జీతం, దారి ఖర్చు వాళ్లే ఇవ్వాలని న్యూయార్క్ నో-ఫాల్ట్ నిబంధనలే, అంటే రెగ్యులేషన్ 68, చెబుతున్నాయి.

జాక్సన్‌హైట్స్_వాసి | అక్టోబర్ 7, ఉదయం 9:02

అక్క చెప్పింది అక్షరాలా నిజం. నాకు జరిగింది చెబుతా. కంపెనీ డాక్టర్ దగ్గర పరీక్షకి రమ్మని రెండు లెటర్లు పంపారు, రెండూ పాత అడ్రసుకి పోయాయి. ఇల్లు మారినప్పుడు పాలసీలో అడ్రసు మార్చలేదు నేను. రెండుసార్లు రాలేదని చెప్పి మొత్తం బిల్లులు తిప్పికొట్టారు. నడుం నొప్పి నిజం, ఎంఆర్ఐలో కనిపిస్తోంది, అయినా సరే. ఎనిమిది నెలలు కొట్లాడాం.

క్వీన్స్_పారాలీగల్ | అక్టోబర్ 7, ఉదయం 9:30

మీ కేసులో ఊరు కూడా లెక్కలోకి వస్తుందండి. మన్‌హాటన్, బ్రాంక్స్ చూసే అప్పీలు కోర్టు 2011లో యూనిట్రిన్ కేసులో చెప్పింది: పరీక్షకి రాకపోతే పాలసీ మొదటి నుంచీ లేనట్టే, కంపెనీ గడువు దాటి తిరస్కరించినా చెల్లుతుందని. క్వీన్స్, బ్రూక్లిన్, లాంగ్ ఐలండ్ చూసే కోర్టు అలా అనదు, గడువులోపు తిరస్కరించి తీరాలంటుంది. ఒకే రాష్ట్రం, ఒకే రూలు, నదికి ఈ పక్కొకటి, ఆ పక్కొకటి. మామూలు మనిషికి ఇది ఎలా తెలుస్తుంది?

క్లెయిమ్స్_టేబుల్ | అక్టోబర్ 7, మధ్యాహ్నం 1:20

నేను ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో ఇలాంటి ఫైళ్లు చూసే విభాగంలో పని చేస్తాను. మీది మా కంపెనీ అవునో కాదో అడగను, మీరూ చెప్పకండి.

తెనాలి గారూ, మీ అమ్మగారిని ఎవరూ దొంగ అనలేదు. కాగితం మీద మీ ఫైల్ ఎలా కనిపిస్తుందో ఆలోచించండి. వెనక నుంచి మెల్లగా తగిలిన కారు. చిన్న డ్యామేజీ. కారులో నలుగురు మనుషులు. టో ట్రక్కు చేతి నుంచి వచ్చిన క్లినిక్. మొదటి వారంలోనే మూడు రకాల వైద్యం. పాలసీ ఎప్పుడు తీసుకున్నారో గానీ, అది కూడా కొత్తదైతే లెటర్ రాకపోతేనే ఆశ్చర్యం.

ఇక్కడ యాక్సిడెంట్లు కావాలని చేయించే ముఠాలు నిజంగా ఉన్నాయి. 2003లో క్వీన్స్‌లో 71 ఏళ్ల ఆలిస్ రాస్ అనే పెద్దావిడ కారుని అలాంటివాళ్లే నో-ఫాల్ట్ డబ్బు కోసం గుద్దారు, ఆవిడ చనిపోయింది. ఆ కుటుంబం ఏళ్ల తరబడి పోరాడితే 2019లో ఆమె పేరు మీదే చట్టం వచ్చింది, యాక్సిడెంట్ కల్పించడం పెద్ద నేరమైంది. 2012 ఫిబ్రవరిలో మన్‌హాటన్ ఫెడరల్ ప్రాసిక్యూటర్లు 36 మంది మీద పెట్టిన కేసులో మోసం విలువ 279 మిలియన్ డాలర్లకు పైనే అన్నారు. న్యూయార్క్‌లో మనం కట్టే ప్రీమియంలో ఇదంతా కలిసి ఉంది.

తెనాలి_టు_హిక్స్‌విల్ | అక్టోబర్ 7, మధ్యాహ్నం 2:05

పాలసీ జూన్‌లో తీసుకున్నామండి. అమ్మ వస్తోందనే కారు కొన్నాం. అంతవరకూ రైల్లోనే తిరిగేవాణ్ని. అమ్మ కోసం చేసిన పనే అమ్మ మీద అనుమానానికి కారణమైందా?

బిల్లింగ్_12_ఏళ్లు | అక్టోబర్ 7, సాయంత్రం 6:48

క్లెయిమ్స్_టేబుల్ గారు సగమే చెప్పారు. మిగతా సగం నేను చెప్తా. బ్రూక్లిన్‌లో ఒక ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గర బిల్లింగ్ చేస్తాను. పన్నెండేళ్లు.

"ఫ్రాడ్" అన్న ఒక్క మాట కింద అయిదారు వేరువేరు వాదనలు దాక్కుంటాయి. ఏది ఏదో తెలియకపోతే మనం భయపడతాం, కంపెనీకి కావలసింది అదే.

బిల్లు అందాక 30 రోజుల్లో కట్టాలి, లేదా ఎన్ఎఫ్-10 ఫారంలో కారణం చెప్పి తిరస్కరించాలి. దాటితే నెలకి 2 శాతం వడ్డీ. దానికంటే పెద్ద దెబ్బ, గడువు దాటాక చాలా వాదనలు ఇక చెల్లవు. ప్రెస్బిటీరియన్ హాస్పిటల్ కేసు, 1997, రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం. డ్రైవర్ తాగి ఉన్నాడన్న వాదన కూడా ఆలస్యమైందని పక్కన పెట్టేశారు. అదే ఏడు సెంట్రల్ జనరల్ వర్సెస్ చబ్ కేసులో ఒక మినహాయింపు ఇచ్చారు: అసలు ఆ గాయం ఇన్సూరెన్స్ వర్తించే యాక్సిడెంట్ వల్ల కాదు అని ఆధారమున్న నమ్మకం ఉంటే, గడువు దాటినా వాదించవచ్చు. కావాలని చేయించిన యాక్సిడెంట్ అన్న వాదన ఆ గుమ్మంలోంచే వస్తుంది. "వైద్యం ఎక్కువ చేశారు" అన్నది ఆ గుమ్మంలోంచి రాదు.

"ఇవ్వని సామాను ఇచ్చినట్టు బిల్లు వేశారు" అన్నది కూడా రాదు! ఫెయిర్ ప్రైస్ కేసు, 2008. ఆ సామాను నాకు అందనే లేదని రోగే కంపెనీకి చెప్పాడు. అయినా గడువులోపు తిరస్కరించలేదు కాబట్టి కంపెనీ ఓడింది. చదివినప్పుడు నాకే మింగుడు పడలేదు. కానీ కోర్టు ఆలోచన ఏమిటంటే, ఈ చట్టం పుట్టిందే డబ్బు త్వరగా అందడం కోసం. చేతిలో సాక్ష్యం పెట్టుకుని కూర్చున్న కంపెనీని గడువు నుంచి తప్పిస్తే ఇక గడువుకి అర్థం లేదు.

అందుకే కంపెనీలు ఈయూఓ అడుగుతాయి. అడిగినంతకాలం 30 రోజుల గడియారం నడవదు. అనుమానం ఉండి అడిగేవాళ్లూ ఉన్నారు, కాలయాపనకి అడిగేవాళ్లూ ఉన్నారు.

క్లెయిమ్స్_టేబుల్ | అక్టోబర్ 7, రాత్రి 8:10

కాలయాపనకి అన్నమాట ఒప్పుకోను. ఈయూఓ అడగాలంటే నిర్దిష్టమైన కారణం ఉండాలని రూల్లోనే ఉంది. 30 రోజుల్లో ఒక ముఠాని పట్టుకోవడం ఎవరి తరం?

బిల్లింగ్_12_ఏళ్లు | అక్టోబర్ 7, రాత్రి 8:31

కారణం ఉండాలి, నిజమే. ఆ కారణం రాసి ఉన్న కాగితం రోగికి చూపిస్తారా మరి? రెగ్యులేటర్ ఆడిటర్లకు చూపిస్తే చాలని కూడా అదే రూల్లో ఉంది. తెనాలి నుంచి వచ్చిన పెద్దావిడకి ఎవరు చెప్పాలి, ఎందుకు పిలిచారో?

క్లెయిమ్స్_టేబుల్ | అక్టోబర్ 7, రాత్రి 9:15

ఆ మాట మాత్రం ఒప్పుకుంటున్నానండి. ఫైల్ మీద నేను టిక్కు పెట్టేటప్పుడు అవతల ఒక అమ్మ నిద్రపోకుండా కూర్చుంటుందని ఎప్పుడూ అనుకోలేదు.

తెనాలి గారికి ఒకటి చెప్పాలి. చాలాసార్లు లెటర్ మీ పేరున వచ్చినా గురి మీ మీద ఉండదు, క్లినిక్ మీద ఉంటుంది. న్యూయార్క్‌లో వైద్యుల కార్పొరేషన్‌కి లైసెన్సున్న వైద్యులే యజమానులు కావాలి. డాక్టర్ పేరు బోర్డు మీద పెట్టి, వెనక వేరేవాళ్లు నడుపుతూ లాభం తీసుకుంటుంటే కట్టక్కర్లేదని 2005లో మల్లెలా కేసులో తీర్పు. 2019లో కరోథర్స్ కేసులో ఇంకాస్త ముందుకెళ్లి, మోసం చేయాలన్న ఉద్దేశం విడిగా నిరూపించక్కర్లేదన్నారు. అందుకే అమ్మగారిని "ఏ డాక్టర్ చూశాడు? ఎంతసేపు చూశాడు? ఈ యంత్రం ఎవరిచ్చారు?" అని అడుగుతారు.

బిల్లింగ్_12_ఏళ్లు | అక్టోబర్ 7, రాత్రి 9:40

2023 మేజెన్‌బర్గ్ తీర్పు కూడా కలపండి. రోగుల్ని పంపినందుకు డబ్బిచ్చారన్న ఒక్క కారణంతో మల్లెలా కింద బిల్లు ఆపలేరని అదే కోర్టు అంది. అది తప్పే, దానికి శిక్ష వేసే సంస్థలు వేరే ఉన్నాయి. ప్రతి తప్పూ కంపెనీకి బిల్లు ఎగ్గొట్టే తాళం చెవి కాదు.

నోవై_నల్గొండ | అక్టోబర్ 8, ఉదయం 10:12

అన్నా, మాది మిషిగన్. ఇక్కడ లెక్క వేరే ఉంటది, ఎవరైనా న్యూయార్క్ ముచ్చట చదివి మిషిగన్‌ల నమ్ముకోవద్దని రాస్తున్న.

ఒకటి, 2019 చట్టం మార్పు తర్వాత ఈ రాష్ట్రంల నివాసం లేనోళ్లకు నో-ఫాల్ట్ మెడికల్ రాదు, వాళ్ల పేరు మీద ఇక్కడ రిజిస్టరై ఇన్సూరెన్స్ ఉన్న బండి ఉంటే తప్ప. మా మామ విజిటర్‌గా వచ్చినప్పుడు దెబ్బ తాకింది, నా పాలసీల అన్‌లిమిటెడ్ ఉండంగ కూడ ఆయనకు పైస రాలే. విజిటర్ ఇన్సూరెన్సే దిక్కయింది. అమ్మానాన్నలు వస్తున్నోళ్లు ఇది ముందుగాల చూసుకోండ్రి.

రెండు, ఫ్రాడ్ ముచ్చట. 2020 జులైల మీమిక్ వర్సెస్ ఫోర్ట్‌సన్ అని మిషిగన్ సుప్రీంకోర్టు తీర్పు ఉంది. 2009ల ఒక పిలగాడికి కారు మీదికెళ్లి పడి తలకు దెబ్బ తాకింది. తల్లిదండ్రులు రోజుకు 24 గంటలు మేమే చూసుకుంటున్నమని ఏండ్లకేండ్లు ఫారాలు పంపిన్రు. పిలగాడు మధ్యమధ్యల జైల్ల, మత్తు మాన్పించే రిహాబ్‌ల ఉన్నడని కంపెనీకి సోషల్ మీడియాల దొరికింది. పాలసీల ఫ్రాడ్ క్లాజు ఉంది కాబట్టి మొత్తం పాలసీ రద్దు అన్నది కంపెనీ. కోర్టు కాదన్నది. ఈ బెనిఫిట్లు చట్టం ఇచ్చినయి, కంపెనీ రాసుకున్న క్లాజుతోని తీసేయలేరు, చట్టంల గానీ పాత న్యాయసూత్రాల గానీ ఉన్న కారణమే చెల్లుతది అన్నరు. పాలసీ కొనేటప్పుడు అబద్ధం ఆడితే అది వేరే. అంతకుముందు 2014ల బహ్రీ కేసు పట్టుకుని చిన్న తేడా ఉన్నా మొత్తం క్లెయిము ఎగరగొట్టేటోళ్లు.

అబద్ధం రాసినోళ్లను నేను ఎనకేసుకొస్తలేను. ఒక గంట తప్పు రాస్తే జీవితాంతం వైద్యం పోవాల్నా అన్నదే నా బాధ.

ఎడిసన్_కొత్త | అక్టోబర్ 8, మధ్యాహ్నం 12:30

సంబంధం లేకపోతే క్షమించండి. మా బావ క్వీన్స్‌లో ఉంటూ ప్రీమియం తక్కువని కారుకి వేరే ఊరి అడ్రసు పెట్టాడు. అది కూడా ఫ్రాడేనా?

క్వీన్స్_పారాలీగల్ | అక్టోబర్ 8, మధ్యాహ్నం 12:52

అవును, ఇవాళే మార్చమనండి. న్యూయార్క్ పాలసీ అయితే వెనకటి తేదీ నుంచి రద్దు చేయలేరు, కాబట్టి కారులో ఉన్న అమాయకులకు కవరేజీ ఉంటుంది. కానీ అబద్ధం చెప్పినవాళ్ల సొంత వైద్యం బిల్లు ఆపగలరు.

తెనాలి_టు_హిక్స్‌విల్ | అక్టోబర్ 11, రాత్రి 10:20

కొత్త సంగతి, మంచిది కాదు. ఈయూఓ 17కి మార్చారు, వీడియోలోనే, తెలుగు ఇంటర్‌ప్రెటర్ కూడా ఇస్తామన్నారు. అది సంతోషం. కానీ ఇన్సూరెన్స్ కంపెనీలో మా ఫైల్ చూసే అడ్జస్టర్‌ని అడిగి ఇంతవరకూ వచ్చిన బిల్లుల జాబితా తెప్పించుకున్నా. అందులో నొప్పికి పెట్టే కరెంటు యంత్రం ఒకటి, చల్లదనం ఇచ్చే యంత్రం మూడు వారాల అద్దె ఒకటి ఉన్నాయి. మాకు ఇచ్చింది నడుం బెల్టు ఒక్కటే. సెప్టెంబర్ 20న ఫిజియో చేసినట్టు బిల్లు. ఆ రోజు మేం నయాగరాలో ఉన్నాం, ఫొటోలు ఉన్నాయి. తేదీలు లేని షీటు మీద అమ్మ చేత ముందే పది సంతకాలు పెట్టించారని ఇప్పుడు గుర్తొచ్చింది.

ఇవన్నీ చెబితే మొత్తం క్లెయిము ఫ్రాడ్ అనేస్తారా? హాస్పిటల్ బిల్లు నా నెత్తిన పడుతుందా? చెప్పకపోతే అమ్మ ప్రమాణం చేసి అబద్ధం చెప్పినట్టు కాదా?

బిల్లింగ్_12_ఏళ్లు | అక్టోబర్ 11, రాత్రి 10:44

చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మా డాక్టర్ గారి బిల్లులు ఆగేది ఇలాంటి క్లినిక్‌ల వల్లే. ఫెయిర్ ప్రైస్ తీర్పు గొప్పగా చెప్పాను గానీ, అది గడువు గురించిన తీర్పు, అబద్ధానికి అనుమతి కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పించండి. వేరే మాట వద్దు.

క్వీన్స్_పారాలీగల్ | అక్టోబర్ 11, రాత్రి 11:05

తమ్ముడూ, ఒక్కో వైద్యుడి బిల్లు ఒక్కో క్లెయిము. యంత్రం ఇవ్వలేదన్న మాట ఆ యంత్రం బిల్లుని ఆపుతుంది. యాక్సిడెంట్ నిజం, ఎమర్జెన్సీ నిజం, ఆ హాస్పిటల్‌కి రావలసింది దానితో పోదు. క్లినిక్ చేసిన తప్పు అమ్మది కాదు, దాన్ని కప్పిపుచ్చితేనే ఆమెది అవుతుంది. నో-ఫాల్ట్ కోసం మొదట పెట్టే దరఖాస్తు, ఎన్ఎఫ్-2 ఫారం, దాని మీద మోసం గురించిన హెచ్చరిక చదివావా? ఒక్కో ఉల్లంఘనకి 5,000 డాలర్ల దాకా, దాని మీద క్లెయిము విలువ కూడా.

మీ కోసం మాత్రమే పని చేసే లాయర్‌ని పెట్టుకో. క్లినిక్ చెప్పిన లాయర్ వద్దు. ఫొటోలు, టోల్ రసీదులు తీసి ఉంచు. గుర్తులేనిది గుర్తులేదనే చెప్పాలి. ఇంకోటి, రేపు కోర్టు సమన్లు వస్తే పారేయకు. కంపెనీ క్లినిక్‌ల మీద కేసు వేసేటప్పుడు రోగుల్ని కూడా ప్రతివాదులుగా చేరుస్తుంది. జవాబివ్వకపోతే ఏకపక్షంగా తీర్పు వస్తుంది.

తెనాలి_టు_హిక్స్‌విల్ | అక్టోబర్ 12, ఉదయం 8:00

అమ్మకి ఇదంతా చదివి వినిపించా. ఆవిడ అడిగింది ఒక్కటే: "తీసుకోనిది తీసుకున్నానని నా నోటితో ఎట్లా చెప్తారా?" ఇంక మాట్లాడ్డానికేం లేదు.

తెనాలి_టు_హిక్స్‌విల్ | అక్టోబర్ 18, రాత్రి 9:30

అయిపోయిందండి. అమ్మది గంటా యాభై నిమిషాలు, నాది నలభై. కారులో ఎవరు ఎక్కడ కూర్చున్నారు, వెనక డ్రైవర్ ముందే తెలుసా, ఏ డాక్టర్ చూశాడు, అన్నీ అడిగారు. వాళ్ల లాయర్ మర్యాదగానే ఉంది. యంత్రాలు రాలేదని, 20న నయాగరాలో ఉన్నామని అమ్మ చెప్పింది, మా లాయర్ ఫొటోలు పంపాడు.

ఒకచోట మాత్రం గుండె జారింది. అమ్మ "చెయ్యి పైకి లేవట్లేదు" అంది. ఇంటర్‌ప్రెటర్ దాన్ని అరచెయ్యి అన్న మాటతో ఇంగ్లీషులో చెప్పింది. డాక్టర్ రిపోర్టులో ఉన్నది భుజం. "మీరు భుజం అన్నారు కదా, ఇప్పుడు చెయ్యి అంటున్నారేమిటి?" అని లాయర్ పట్టుకుంది. మన భాషలో భుజం దగ్గర్నుంచి వేళ్ల దాకా అంతా చెయ్యే కదా! నేను మధ్యలో మాట్లాడకూడదన్నారు. మా లాయర్ కలగజేసుకుని, అమ్మని ఎక్కడ నొప్పో చూపించమన్నాడు. అమ్మ ఎడం చేత్తో కుడి భుజం పట్టుకుని చూపించింది.

క్లెయిమ్స్_టేబుల్ | అక్టోబర్ 18, రాత్రి 10:02

ఇది చదివాక నాకు పాత ఫైళ్లు రెండు మూడు గుర్తొచ్చాయి. మాటలో తేడా ఉందని రాసినవి. రేపు ఆఫీసులో తెలుగు ట్రాన్స్‌క్రిప్టులు ఉన్నవి మళ్లీ తీస్తాను.

తెనాలి గారూ, ట్రాన్స్‌క్రిప్టు సంతకానికి వస్తుంది. ప్రతి పేజీ చదివి, తప్పు మాట ఉంటే దిద్దుబాటు పేజీలో రాయండి. చదవకుండా సంతకం పెట్టొద్దు.

తెనాలి_టు_హిక్స్‌విల్ | నవంబర్ 19, ఉదయం 7:40

అడిగినవాళ్ల కోసం. హాస్పిటల్ బిల్లు కట్టేశారు. ఫిజియోవి ఇంకా వెరిఫికేషన్‌లోనే ఉన్నాయంటున్నారు. యంత్రాల సంగతి మాకు ఏమీ చెప్పలేదు. ఆ క్లినిక్ నుంచి రెండుసార్లు ఫోన్ వచ్చింది, లాయర్‌తో మాట్లాడమన్నాను.

అమ్మ తెనాలిలో ఉంది. గుమ్మానికి తాడు కట్టి భుజం వ్యాయామం చేస్తోంది, కొబ్బరి చిప్ప అందుకునేంత ఎత్తుకి లేస్తోందట. ట్రాన్స్‌క్రిప్టు మొన్న వచ్చింది. రెండు రాత్రులు వీడియో కాల్‌లో పేజీ పేజీ తెలుగులో చెప్పాను. అరచెయ్యి అన్న మాట నాలుగు చోట్ల ఉంది. నాలుగింటికీ భుజం అని దిద్దుబాటు రాసి, అమ్మ సంతకంతో నిన్న పంపించాం.